మేడమీది నడక

ఆ సినిమాలో దెయ్యం ఎక్కడా కనిపించదు. పాడుబడ్డ బంగళా ఒకటి, కింది గదుల్లో కొత్తగా కాపురం పెట్టిన జంట, మేడమీద తాళం పడ్డ గది, ఆ గదిలో ఎవరిదో నడక. అంతే. తెల్లబట్టలూ విరబోసిన జుట్టూ తనకు అక్కర్లేదన్నాడు దర్శకుడు. దాంతో దెయ్యం వేషం మొత్తం చప్పుళ్ల వదిన పాదాలమీద పడింది.

చప్పుళ్ల వదిన ఆ స్టూడియోలో చిన్నా పెద్దా అందరికీ వదినే. తెరమీద ఎవరు నడిచినా వినబడే అడుగులు ఆవిడవి. హీరో బూట్లు, విలన్ మెట్లు దిగడం, పోలీసుల పరుగు, అన్నీ ఆవిడ కాళ్లే. ఆవిడ పనిచేసే గదిని చూస్తే ఎవరో ఇల్లు ఖాళీ చేసి పనికిరాని సామానంతా వదిలేసి పోయారనుకుంటారు. ఒక మూల ఇసుక గుంట, పక్కన చెక్కపలకలు, ఇంకోచోట నాపరాళ్లు, గోడవారన కుప్పగా పాత చెప్పులు. ఎముక విరగాలంటే క్యారెట్ విరుస్తుంది. మెడ మెలి తిరగాలంటే పాత తోలు పర్సును పిండుతుంది. గుర్రం పరుగెత్తాలంటే కొబ్బరిచిప్పలు ఎలాగూ ఉన్నాయి.

ఆ పనిలో అన్నిటికంటే పెద్ద నియమం ఒకటుంది. ఒక మనిషికి ఒక నడక. సినిమా మొదట్లో ఒక పాత్రకు ఒక జత చెప్పులూ ఒక రకం అడుగూ ఖాయం చేశాక చివరిదాకా అదే ఉండాలి. చీకట్లో రెండో రకం అడుగు వినబడిందంటే రెండో మనిషి వచ్చినట్టే. చూసేవాళ్లు కళ్లు మూసుకున్నా సరే, ఎవరు వచ్చారో చెవి చెప్పేయాలి. ఈ సూత్రం మీద వదినకు ఎంత గురి అంటే, తన పెళ్లి కూడా దానిమీదే జరిగిందని చెప్పుకునేది. నటుల కొలతలు తీసుకోవడానికి వచ్చిన టైలరు ఆవిడకు ముందు కనబడలేదు, తెర అవతల నడుస్తూ వినబడ్డాడు. మడమ ముందు, వేళ్లు తరవాత, చురుగ్గా, ఒక్క అడుగూ తొట్రుపడకుండా. "నేను మొహం చూసి చేసుకోలేదమ్మా, నడక విని చేసుకున్నా. వెయ్యిమందిలో నడిపించండి, మా ఆయన ఎవరో కళ్లకు గంతలు కట్టుకుని చెప్తా!" ఈ మాట ఆవిడ నోట విననివాడు స్టూడియోలో లేడు. విన్నవాళ్లు రెండోసారి కూడా విన్నారు.

అలాంటి వదినకు ఈ దెయ్యం మాత్రం కొరుకుడు పడలేదు. బూట్లతో నడిచింది, వట్టికాళ్లతో నడిచింది, తడి పాదాలతో నడిచింది. దర్శకుడు అద్దం అవతల కూర్చుని తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

"వదినా, ఇది నడక. నాకు నడక వద్దు."

"మరేం కావాలి నాయనా, ఈతా?"

"అది కాదు. పైన ఎవరో ఉన్నారు, ఎవరో తెలీదు, ఏదో దాస్తున్నారు అనిపించాలి. మీ అడుగుల్లో దాపరికం లేదు. అన్నీ చెప్పేస్తున్నాయి."

"అసలు భయపడటానికి జనం టిక్కెట్టు ఎందుకు కొంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇళ్లల్లో ఉన్న భయాలు చాలవా?"

"చాలక కాదు వదినా. ఇంట్లో భయమేస్తే ఎవరికి చెప్పుకుంటాం? నవ్వుతారేమోనని కిక్కురుమనకుండా ఉంటాం. హాల్లో అయితే అందరితోపాటు అరవచ్చు. పక్కవాడి చెయ్యి పట్టుకోవచ్చు. ఆట అయ్యాక లైట్లు వేస్తారని గ్యారంటీ ఉంటుంది."

"నా పక్కవాడు పేలాలు నములుతుంటాడు. నాకు దెయ్యంకంటే వాడిమీదే ఎక్కువ ఒళ్లు మండుతుంది," అంది వదిన.

సరిగ్గా అప్పుడే స్టూడియో ఒక్కదానికే కరెంటు పోయింది. ఎంతకీ రాదన్నారు. మధ్యాహ్నమే ఇంటిదారి పట్టింది వదిన.

వాళ్లది కింద రెండు గదులు, మేడమీద ఒక గది ఉన్న పాత ఇల్లు. పైగది టైలరు పనిగది. దాని నేల చెక్కది, అందుకని పైన సూది పడ్డా కింద తెలుస్తుంది. కస్టమర్లు వచ్చిపోవడానికి వెనకవైపు వేరే ఇనుపమెట్లున్నాయి. కింద కిటికీ దగ్గర కుర్చీలో అత్తగారు కూర్చుంటారు. ఆవిడకు చెముడు. పిడుగు పడ్డా "ఎవరో పిలిచినట్టుంది" అంటారు.

వదిన గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఆగిపోయింది. పైన ఎవరో నడుస్తున్నారు.

ఒక అడుగు నిండుగా పడింది. రెండోది పడలేదు, చెక్కమీద రాసుకుంటూ వచ్చింది. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ ఒక అడుగు, మళ్లీ ఈడ్పు. కిటికీదాకా వెళ్లి, అక్కడ దేన్నో పట్టుకుని నిలబడినట్టు ఆగింది. అది టైలరు నడక కాదు. ఏ కోశానా కాదు.

"ఏమండీ!" అని కేకేసింది.

పైన చప్పుడు ఆగిపోయింది. మరుక్షణం మిషను మోటారు బర్రుమంది. కాసేపటికి అదీ ఆగింది. అప్పుడు మెట్లదాకా తనకు తెలిసిన నడక వచ్చింది, మడమ ముందు, వేళ్లు తరవాత. టైలరు రెయిలింగు పట్టుకుని కిందికి వంగి చూశాడు. నుదుటినిండా చెమట.

"ఇంత తొందరగా వచ్చేశావేంటోయ్?"

"కరెంటు పోయింది. పైన ఎవరైనా ఉన్నారా?"

"ఎవరుంటారు? నేనే," అని నవ్వాడు. ఆ నవ్వు మూతిదగ్గరే ఆగిపోయింది.

పైకెళ్లి చూస్తే సరిపోయేది. మెట్లు అక్కడే ఉన్నాయి, కాళ్లూ ఉన్నాయి. కానీ వదిన వెళ్లలేదు. వెళ్లి చూస్తే, అక్కడ నిజంగానే ఎవరైనా ఉంటే, ఆ తరవాత ఏం చెయ్యాలో ఆవిడకు తెలియదు. వంటగదిలోకి వెళ్లి అక్కర్లేని గిన్నెలు కూడా తోమింది. వెనక ఇనుపమెట్లమీద ఎవరైనా దిగుతారేమోనని చెవులు రిక్కించే ఉంది. ఎవరూ దిగలేదు. అంటే ఇంకా పైనే ఉందన్నమాట! అప్పటికే ఆవిడ మనసులో ఆ మనిషి ఆడదైపోయింది.

ఒకసారి అనుమానం పుట్టాక దానికి మేత దొరకడం ఎంతసేపు? అన్నాళ్లూ కాలితో తొక్కిన మిషనుకు టైలరు ఈమధ్యే మోటారు బిగించాడు. ఎందుకని అడిగితే పని చురుగ్గా అవుతుందన్నాడు. అసలు సంగతి ఇప్పుడు బోధపడింది, మాటలు కిందికి వినబడకూడదని! రబ్బరు చెప్పులు మానేసి వెనక పట్టీ ఉన్న కొత్త చెప్పులు కొన్నాడు. ఈ వయసులో ఈ సోకులు ఎవరికోసం? సాయంత్రాలు ఇద్దరూ పార్కుదాకా నడిచి వచ్చేవాళ్లు. ఇప్పుడు "నువ్వు పదవోయ్, వెనకే వస్తా" అంటాడు, రాడు. పని మిగిలిపోయిందని వారంలో సగం రోజులు పైగదిలోనే పడుకుంటున్నాడు. ఇన్నాళ్లూ తను ఎంత పిచ్చిమాలోకంలా ఉందో తలుచుకుంటే వదినకు తనమీద తనకే కోపం వచ్చింది.

అత్తగారిని అడుగుదామంటే అరిచి అడగాలి. అరిస్తే పైకి వినబడుతుంది. అందుకని సైగలు చేసింది. పైకప్పు వైపు వేలు చూపించి, ఎడమ అరచేతిమీద కుడిచేతి వేళ్లు రెండు నడిపించింది, ఒక వేలు మామూలుగా, ఒక వేలు ఈడుస్తూ. ఎవరు అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

అత్తగారు ఆ వేళ్లవంకే చాలాసేపు చూశారు. మొహం కిటికీవైపు తిప్పుకున్నారు.

"నన్నడక్కు తల్లీ. నా నోట చెప్పించకు. వాణ్నే అడుగు."

ఇంకేముంది! తల్లీ కొడుకులిద్దరూ ఒక్కటే! ఈ ఇంట్లో ఆ మనిషి సంగతి తెలియనిది తనొక్కర్తికేనన్నమాట. చెముడున్న ముసలావిడకు తెలిసింది, ఊళ్లో చీమ నడిచినా పసిగట్టే తనకు తెలియలేదు.

ఆ రోజు నుంచి ఆవిడ మనుషుల మొహాలు చూడటం మానేసి కాళ్లు చూడటం మొదలుపెట్టింది. కాలీడ్చే ఆడమనిషికి మనసులోనే "ఈడ్పుల సవతి" అని పేరు పెట్టింది. ఒకరోజు కూరగాయల కొట్టు దగ్గర ఒకామె సరిగ్గా అలాగే ఈడుస్తూ పోతుంటే సంచీ సహా వెంటబడింది. సందులు తిరిగి తిరిగి ఆమె చెప్పులు కుట్టే చోట ఆగి, తెగిన పట్టీ కుట్టించుకుని, టకటకా నడిచి వెళ్లిపోయింది. వదిన అక్కడే నిలబడి కాసేపు రొప్పింది. సిగ్గేసింది. అయినా అనుమానం పోలేదు. అది తెగిన చెప్పు కాదు కదా, చెక్కమీద వట్టికాళ్ల ఈడ్పు.

నిలదీయలేకపోయింది. అడిగితే ఆయన లేదంటాడు. లేదంటే నమ్మాలనిపిస్తుంది. రుజువు చేతిలో ఉంటేనే నోరు విప్పాలనుకుంది. స్టూడియోలోంచి అరచేతిలో పట్టే రికార్డరు తెచ్చి, పొద్దున టైలరు కింద స్నానానికి దిగినప్పుడు, పైగదిలో గుడ్డముక్కల గుట్ట మధ్య దాచింది. గది ఎప్పట్లాగే ఉంది. కటింగు బల్ల, ఇస్త్రీపెట్టె, దండెంమీద సగం కుట్టిన కోట్లు. మర్నాడు అదే వేళకు దాన్ని తీసుకుని స్టూడియోకు పరుగెత్తింది. తలుపేసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది.

అడుగులు వచ్చాయి. అడుగు, ఈడ్పు. అడుగు, ఈడ్పు. కిటికీదాకా, మళ్లీ బల్లదాకా. మధ్యలో ఏదో ధబ్బున పడ్డ చప్పుడు, ఆ తరవాత చాలాసేపు బరువైన ఊపిరి. మళ్లీ అడుగులు. మాట మాత్రం ఒక్కటీ లేదు. గుసగుస లేదు, నవ్వు లేదు. మాటల అవసరం కూడా లేనంత దగ్గరితనమా! మొగుడితో తనకు ఉప్పూ పప్పూ దగ్గర కూడా మాటలు కావాలే!

అంతలో తలుపు తోసుకుని దర్శకుడు వచ్చాడు. వదిన ఉలిక్కిపడి లేచేసరికి హెడ్‌ఫోన్ల తీగ ఊడివచ్చింది. ఆ నడక పెద్ద స్పీకర్లలోంచి గదంతా పరుచుకుంది.

దర్శకుడు ఉన్నచోటే బిగుసుకుపోయాడు. తల పైకెత్తి కప్పువైపు చూశాడు, అక్కడ ఎవరూ లేరని తెలిసి కూడా.

"వదినా," అన్నాడు గొంతు తగ్గించి. "చూడండి నా చెయ్యి. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఎక్కడిదిది?"

కాదు, ఇది నా సొంత గొడవ అని చెప్పి తీసేసుకోవచ్చు. కానీ వదిన ఉక్రోషంతో ఉడికిపోతోంది. పైగా ఇన్నాళ్లూ తను తేలేకపోయిన దెయ్యం ఎదురుగా నిలబడి ఉంది. పనిమీద అభిమానమూ సవతిమీద కసీ రెండూ ఒకేసారి గొంతులోకి వచ్చాయి. ఆ దరిద్రపుగొట్టు నడక ప్రపంచమంతా వినాలి, విని హడలిపోవాలి అనుకుంది.

"నేనే చేశాను," అంది. "వాడుకో."

సినిమా తయారయ్యాక పనిచేసినవాళ్లకూ వాళ్ల కుటుంబాలకూ ఒక థియేటరులో పొద్దుటి ఆట వేశారు. వదిన టైలరును వెంటబెట్టుకుని వెళ్లింది. ఆవిడ లెక్క ఆవిడకుంది. ఆ నడక వినగానే ఆయన మొహం రంగు మారక తప్పదు. అప్పుడు తను ఏమీ అడగక్కర్లేదు.

టైలరు మొదట రానన్నాడు. రానన్నకొద్దీ ఆవిడ పట్టు బిగించింది. చివరికి సరేనన్నాడు కానీ, అందరికంటే ముందే వెళ్లి కూర్చుందామన్నాడు. నడవా పక్క సీటే కావాలన్నాడు. దొంగకు దారి దగ్గరగా ఉండాలిగా అనుకుంది వదిన. హాలు నిండింది. అత్తలూ కోడళ్లూ, లైట్‌మెన్లూ వాళ్ల పిల్లలూ, అందరూ భయపడటానికి పండగలా తయారై వచ్చారు. లైట్లు ఆర్పకముందే ఒకళ్లనొకళ్లు జబ్బలు గిల్లుకుంటూ నవ్వుకుంటున్నారు.

చీకటిపడింది. బంగళా వచ్చింది. కొత్తజంట అన్నం తింటుంటే పైన మొదటి అడుగు పడింది.

హాల్లో ఒక్కసారి నవ్వులు ఆగాయి. అడుగు, ఈడ్పు. ఎవరో చిన్నగా "అమ్మో" అన్నారు. అడుగు, ఈడ్పు. వెనక వరసలో ఒకావిడ కెవ్వుమంది. ఆ అరుపుకు ఇంకో పదిమంది అరిచారు. అరిచి, అరిచినందుకు నవ్వి, మళ్లీ పక్కవాళ్లను గట్టిగా పట్టుకున్నారు. హాలంతా భయం హాయిగా పాకింది.

వదిన తెరవైపు చూడటంలేదు. తెర వెలుతురులో మొగుడి మొహమే చూస్తోంది. మొదటి అడుగుకు ఆయన కూడా అందరిలాగే ఉలిక్కిపడి, నవ్వబోయాడు. రెండో ఈడ్పుకు నవ్వు ఆగింది. ఆవిడ అనుకున్నట్టే రంగు మారింది. దొరికాడు అనుకుంది.

అయితే ఆయన తలుపువైపు చూడలేదు. ఆవిడవైపూ చూడలేదు. మెల్లగా తల దించి తన ఎడమకాలివంక చూసుకున్నాడు. స్పీకర్లలో అడుగు పడిన ప్రతిసారీ ఆ కాలినే చూశాడు. తరవాత రెండు చేతులూ ఎడమ మోకాలిమీద వేసి అదిమిపెట్టాడు, అది ఎక్కడ లేచి తనను పట్టిస్తుందో అన్నట్టు.

ఒక మనిషికి ఒక నడక. మరి ఆ మనిషి కాలు మారిపోతే? మోటారు, పట్టీ చెప్పులు, రాని షికార్లు, పైగదిలో పడక, అత్తగారు తిప్పుకున్న మొహం, అన్నీ ఒక్కసారి తిరగబడి మీద పడ్డాయి. చుట్టూ జనం కేరింతలు కొడుతూ భయపడుతుంటే ఆవిడ నోట్లో చెంగు కుక్కుకుని కూర్చుంది. ఆ సినిమా ఎలా ముగిసిందో ఆవిడకు ఈరోజుకీ తెలియదు.

లైట్లు వేశారు. చప్పట్లు కొట్టి, ఒకళ్లనొకళ్లు వెక్కిరించుకుంటూ జనం బయటికి నడిచారు. టైలరు కదల్లేదు.

"నువ్వు పదవోయ్, వెనకే వస్తా," అన్నాడు.

"వెళ్లను."

ఆయన అప్పుడు ఆవిడ మొహంలోకి చూశాడు. ఇక దాచేదేమీ లేదని తెలిసిపోయింది.

"ఎప్పట్నుంచి?" అంది.

"చలికాలం నుంచి. డాక్టరు నరాల జబ్బన్నాడు. తగ్గేది కాదట, పెరిగేదట. నువ్వింట్లో ఉన్నంతసేపూ పళ్లబిగువున సరిగ్గా నడుస్తున్నా. నువ్వటు వెళ్లగానే దాన్ని వదిలేస్తా. మోటారు ఎందుకనుకున్నావ్? తొక్కడానికి కాలు సాగక కొంత, ఆ ఈడ్పు నాకే వినబడకుండా కొంత. ఒక్కణ్నే ఉన్నప్పుడు వింటే నాకూ భయమేస్తుంది."

"నాకు చెప్పకూడదూ?"

"నడక విని చేసుకున్నానని అందరికీ గొప్పగా చెప్పుకుంటావు కదే. ఇప్పుడేమని చెప్పుకుంటావు?"

వదినకు ఏడుపు ఆగలేదు. ముక్కు చీదుకుంది, మళ్లీ ఏడ్చింది. "నేను... నేను పైన ఇంకెవరో ఉందనుకున్నానండీ," అంది.

టైలరుకు కోపం రాలేదు. తెల్లటి ఖాళీ తెరవైపు చూస్తూ అన్నాడు. "ఇంకెవరైనా అయ్యుంటే బాగుండేది."

అప్పుడే దర్శకుడు వరసల మధ్యనుంచి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"వదినా! విన్నారా ఆ అరుపులు? సినిమా మొత్తానికి మీ అడుగులే హీరో! ఇప్పుడైనా చెప్పండి, ఎలా చేశారు? కాలికి బరువు కట్టుకున్నారా? గోనెసంచీ ఈడ్చారా?"

వదిన నోరు తెరిచింది. నేనే చేశానన్న తన మాట తననే పట్టుకుంది. అబద్ధం చెబితే మొగుడి ఎదుట చెప్పాలి. నిజం చెబితే ఆయన ఇన్నాళ్లు దాచుకున్నది ఈ కుర్రాడి ముందు బయటపెట్టాలి.

"ఆవిడ కాదు బాబూ," అన్నాడు టైలరు. ముందు సీటు వీపు పట్టుకుని లేచాడు. "చూస్తావా?"

నడవాలోకి వచ్చి ఆ వాలు నేలమీద నడిచాడు. దాచకుండా, బిగపట్టకుండా, పైగదిలో ఒక్కడే ఉన్నప్పుడు నడిచినట్టు. ఒక అడుగు నిండుగా పడింది. రెండోది రాసుకుంటూ వచ్చింది.

దర్శకుడు పకపకా నవ్వి చప్పట్లు కొట్టాడు. "అబ్బబ్బ, దించేశారు బాబాయ్! అచ్చం అదే! మీ ఇంట్లో అందరికీ ఉందన్నమాట ఈ విద్య!"

టైలరు వెనక్కి తిరగలేదు. తలుపువైపు అలాగే నడుచుకుంటూ పోయాడు, ఆగుతూ, ప్రతి వరస చివరా సీటు పట్టుకుంటూ. దర్శకుడు ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. వదిన అతన్ని ఆపమనలేదు. గబగబా వెళ్లి ఆయనకు ఎడమవైపు చేరి, భుజం అందించింది.